కడలి ఒడ్డున కట్టవలసిన బట్ట

అమెరికాలోని తెలుగు కుటుంబాల వేసవి ప్రయాణాలలో సముద్రతీర విహారానికి ప్రత్యేక స్థానం ఉన్నది. ఫ్లోరిడాలోని డెస్టిన్, మయామీ, దక్షిణ కెరొలైనాలోని మిర్టిల్ బీచ్, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ వంటి చోట్లకు రెండు మూడు కుటుంబాలు కలిసి బయలుదేరడం పరిపాటి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా, పేకముక్కలు ముందుగానే సిద్ధమవుతాయి. ఈత దుస్తుల ఎంపిక మాత్రం చివరి సాయంత్రం వరకు మిగిలిపోతుంది. పిల్లలకు వారు ముచ్చటపడిన రంగులో, వచ్చే ఏటికి కూడా పనికివచ్చేలా ఒక సైజు పెద్దవి కొంటారు. పెద్దవారు పాత టీషర్టుతోనో, నూలు సల్వారుతోనో సరిపెట్టుకుంటారు. సన్‌స్క్రీన్ ప్రస్తావన వస్తే, “రోళ్ళు పగిలే రోహిణీ కార్తె ఎండలు చూసినవాళ్ళం, ఈ ఎండ మనల్నేం చేస్తుంది?” అన్న మాట ఎవరో ఒకరి నోట వినిపిస్తుంది.

ఈ మాటను కొంచెం నిదానంగా పరీక్షించవలసి ఉన్నది. రోహిణీ కార్తెలో ప్రాణాన్ని తోడేసేది వేడి. చర్మాన్ని కమిలించేది వేడి కాదు, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. ఈ రెండింటికీ మూలం సూర్యుడే అయినా అవి ఎప్పుడూ కలిసే ప్రయాణం చేస్తాయన్న నియమం లేదు. సముద్రపు గాలి వీస్తున్నప్పుడు ఒంటికి చల్లగా ఉంటుంది. ఆ గాలి వేడిని తీసుకుపోతుందే గాని అతినీలలోహిత కిరణాలను ఆపలేదు. పలుచని మేఘాలున్న రోజున కూడా ఈ కిరణాలలో 80 శాతం వరకు నేలను చేరగలవు. ఎండ తెలియకపోవడమే సముద్రతీరంలో మొదటి ప్రమాదం.

మరి విశాఖపట్నంలో పెరిగినవారిని అక్కడి ఎండ ఏమీ చేయలేదు కదా అన్న సందేహం సహజం. విశాఖ భూమధ్యరేఖకు మయామీ కంటే దగ్గర; అక్కడి మధ్యాహ్నపు సూర్యునిలో అతినీలలోహిత కిరణాలు ఏ విధంగానూ తక్కువ కావు. అయితే రామకృష్ణా బీచిలో జనం నిండేది ఎప్పుడు? తెల్లవారుజామున, లేదా పొద్దువాలిన తరువాత. మిట్టమధ్యాహ్నం పొలంలో నిలవక తప్పని రైతు తలపాగా చుడతాడు, నాట్లు వేసే స్త్రీ పైట తలమీదికి లాక్కొంటుంది. అంటే తరతరాలుగా తెలుగువారిని కాపాడినవి వేళ, నీడ, బట్ట. చర్మం రంగు చేసిన సాయం వీటి తరువాతిది. అదే కుటుంబం అమెరికాలో పదకొండు నెలలు గదులలో గడిపి, పన్నెండో నెలలో చేతులు, కాళ్ళు, వీపు బయటపెట్టి, తెల్లని ఇసుకలో పగలు పదకొండు నుండి మూడింటి వరకు కూర్చుంటున్నది. ఎండ పాతదే కావచ్చు, అలవాటు మాత్రం పూర్తిగా కొత్తది.

గడియారం కూడా ఇక్కడ మోసం చేస్తుంది. వేసవిలో గంట ముందుకు జరపడం వల్ల మయామీలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో ఒంటిగంట ఇరవై నిమిషాలు దాటుతుంది. భోజనం ముగించి “ఇక ఎండ తగ్గింది” అనుకొని నీళ్ళలో దిగే వేళ నిజానికి మిట్టమధ్యాహ్నమే. పిల్లలకు నేర్పదగిన సులువైన కొలమానం నీడ. తన నీడ తన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ తీక్షణంగా ఉన్నట్లే.

చామనఛాయ ఎంతవరకు కవచం?

అతినీలలోహిత కిరణాలలో భూమిని చేరేవి రెండు రకాలు. 280 నుండి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలవి ‘బి’ కిరణాలు; 315 నుండి 400 వరకు ఉన్నవి ‘ఏ’ కిరణాలు. అంతకంటే పొట్టివైన ‘సి’ కిరణాలను ఓజోన్ పొర, ఆక్సిజన్ కలిసి పూర్తిగా మింగివేస్తాయి. ‘బి’ కిరణం చర్మకణంలోని డి.ఎన్.ఏ. మీద పడినప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్ అణుభాగాలు ఒకదానితో ఒకటి అతుక్కొనిపోతాయి. కణం ఆ అతుకులను కత్తిరించి బాగుచేసుకొంటుంది. బాగుచేసే వేగం కంటే పాడయ్యే వేగం ఎక్కువైతే చర్మం కమిలి ఎర్రబడుతుంది. ‘ఏ’ కిరణాలు ఇంకా లోతుకు పోయి చర్మపు బిగువును సడలిస్తాయి, మచ్చలు పెంచుతాయి.

మెలనిన్ అనే వర్ణపదార్థం ఈ కిరణాలను చాలావరకు పీల్చుకొంటుంది. చర్మం పైపొరకు సన్‌స్క్రీన్ లెక్క కట్టి చూసినప్పుడు తెల్లవారి చర్మానికి సుమారు 3, మిక్కిలి నల్లని చర్మానికి సుమారు 13 అని తేలింది. తెలుగువారి ఛాయలు ఈ రెండింటి నడుమ ఎక్కడెక్కడో ఉంటాయి. ఒకే ఇంటిలో అన్నదమ్ముల ఛాయలలోనే తేడా ఉన్నప్పుడు అందరికీ ఒకే అంకె చెప్పడం కుదరదు. అత్యధికంగా 13 అనుకొన్నా, దుకాణంలో అమ్మే సాధారణ సన్‌స్క్రీన్ 30 కంటే అది చాలా తక్కువ.

ఈ సందర్భంలో ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. తెల్లవారితో పోల్చినప్పుడు భారతీయులలో చర్మపు క్యాన్సరు చాలా తక్కువ. దాన్ని బూచిగా చూపి తెలుగు కుటుంబాలను భయపెట్టనక్కరలేదు. అయితే మంగు మచ్చలు, మెడ మీద, నుదుటి మీద నెలల తరబడి మిగిలే నలుపు, కంటిశుక్లం, పసివారి లేతచర్మం కమలడం, ఇవి ఛాయను చూసి వదిలిపెట్టవు. చామనఛాయ చర్మం ఎర్రబడడం కంటికి ఆనదు గనుక దెబ్బ తగిలిన సంగతి రాత్రి స్నానం చేస్తున్నప్పుడు మంట పుడితేగాని తెలియదు.

బట్టలోని రసాయనశాస్త్రం

నూలు టీషర్టు వేసుకొంటే వీపు కాపాడబడుతుందనే నమ్మకం చాలా ఇళ్ళలో ఉన్నది. బట్ట ఎంత కాపాడుతుందో చెప్పడానికి యు.పి.ఎఫ్. అనే కొలత ఉన్నది. దీనికి మొట్టమొదట ప్రమాణం ఏర్పడినది 1996లో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో. యు.పి.ఎఫ్. 50 అంటే మీద పడిన అతినీలలోహిత కిరణాలలో యాభైయవ వంతు, అంటే 2 శాతం మాత్రమే బట్టను దాటి చర్మాన్ని చేరుతాయి. మామూలు తెల్లని నూలు టీషర్టు విలువ సుమారు 5. అంటే ఐదో వంతు లోపలికి పోతున్నది. ఆ టీషర్టు తడిస్తే విలువ సుమారు 3కు పడిపోతుంది, మూడో వంతు లోపలికి పోతుంది.

తడిస్తే ఎందుకు తగ్గుతుంది? పుష్కరాలకు గోదావరిలో మునిగి లేచినవారి తెల్లపంచెను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పొడి బట్టలో నూలుపోగుల మధ్య గాలి ఉంటుంది. గాలి వక్రీభవన గుణకం 1, నూలు గుణకం సుమారు 1.5. ఈ తేడా వల్ల కాంతి ప్రతి పోగు దగ్గర చెదిరి, వెనక్కి మళ్ళుతుంది; అందుకే బట్ట తెల్లగా, అపారదర్శకంగా కనిపిస్తుంది. గాలి స్థానంలో నీరు చేరితే, దాని గుణకం 1.33 గనుక, తేడా తగ్గిపోతుంది. కాంతి చెదరకుండా నేరుగా లోపలికి పోతుంది. నూనె పడిన కాగితం వెలుతురును పోనిచ్చేది కూడా ఈ కారణం చేతనే.

నూలుకు మరొక లోపం ఉన్నది. నూలు అంటే సెల్యులోజ్. దాని అణువు నిండా నీటిని పట్టుకొనే హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. మామూలు గాలిలోనే నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది. నైలాన్ సుమారు 4 శాతం, పాలియెస్టర్ 0.4 శాతం మాత్రమే. ఇక నీటిలో మునిగితే పోగుల సందులలో చేరే నీటి బరువు వేరు. తడిసిన సల్వారు కాళ్ళకు చుట్టుకొంటుంది, చున్నీ అలకు మెడ చుట్టూ తిరుగుతుంది. ఒడ్డుకు వచ్చిన తరువాత కూడా కష్టం తీరదు. ఒక గ్రాము నీరు ఒంటిమీద ఆవిరి కావాలంటే సుమారు 580 కెలరీల వేడి కావాలి, దానిలో చాలాభాగం శరీరం నుండే పోతుంది. మండుటెండలో పిల్లవాడు పళ్ళు కటకటలాడిస్తూ వణకడానికి కారణం ఇదే.

పాలియెస్టర్ పోగు సంగతి వేరు. దాని అణుశృంఖలంలో వరుసగా బెంజీన్ వలయాలు ఉంటాయి. ఆ వలయాలు ‘బి’ కిరణాలను స్వయంగా పీల్చుకొంటాయి. నైలాన్‌లో అటువంటి వలయాలు లేవు గనుక దానంతట అది గొప్ప కవచం కాదు. పోగు మెరుపు తగ్గించడానికి కలిపే టైటానియం డయాక్సైడ్, అద్దే రంగు, బిగువైన అల్లిక దానికి ఆ బలం చేకూరుస్తాయి. ముదురు రంగు అద్దిన బట్ట, లేతరంగు బట్టకంటే మేలు. చలువచేయని ముడి నూలులో మిగిలిన సహజవర్ణాలు కొంత కాపాడతాయి, తెల్లగా చలువచేస్తే అవీ పోతాయి.

ఈత దుస్తులకు సాగుడు గుణం ఇచ్చేది స్పాండెక్స్. 1958లో డ్యూపాంట్ సంస్థకు చెందిన రసాయనశాస్త్రజ్ఞుడు జోసెఫ్ షైవర్స్ దీన్ని రూపొందించాడు. లైక్రా అన్న వ్యాపారనామం దీనిదే. అంతకు ముందు ఉన్ని ఈత దుస్తులు నీరు పీల్చి బరువుతో జారిపోయేవి. స్పాండెక్స్ అణువులో మెత్తని భాగాలు, గట్టి భాగాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మెత్తనివి ముడుచుకొన్న దారపుండల వంటివి, లాగితే విడివడతాయి. గట్టివి ఒకదానినొకటి పట్టుకొని లంగరు వేసినట్లు ఉండి, వదలగానే మొత్తాన్ని వెనక్కి లాగుతాయి. బట్టలో ఇది 15, 20 శాతం ఉన్నా చాలు.

ఇక దుకాణంలో చూడవలసినవేమిటి? సీటు మీద యు.పి.ఎఫ్. 50+ అని ఉంటే అన్నిటికంటే నిశ్చింత. లేకపోతే బట్టను దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఎండకూ అదే దారి. కొంచెం లాగి మళ్ళీ చూడాలి, ఎందుకంటే ఒంటిమీద బట్ట సాగే ఉంటుంది. చిన్న సైజు కొంటే సందులు విచ్చుకొంటాయి. “పెరిగే పిల్లలు” అని పెద్ద సైజు కొంటే నీరు సంచిలో నిండినట్లు నిండి ఈదనివ్వదు. పరికిణీకి కుట్టు మడిచి ఉంచుకొన్నట్లు ఈత దుస్తులకు కుదరదు.

పొడుగు చేతుల రాష్ గార్డ్, మోకాలి వరకు వచ్చే లాగు లేదా చీలమండల దాకా వచ్చే బిగుతు పైజామా, ఈ జత తెలుగు కుటుంబాలకు రెండు విధాల అనుకూలం. ఒంటిమీద చిన్నపాటి ఈత దుస్తులు వేసుకోవడానికి మొహమాటపడి ఒడ్డునే సంచుల కాపలా కూర్చొనే తల్లులు, అత్తగార్లు కూడా వీటితో నీటిలో దిగవచ్చు. ఇప్పుడు ఇవి స్త్రీ, పురుషులందరికీ మామూలు దుకాణాలలోనే దొరుకుతున్నాయి. పొడుగు చేతుల చొక్కా ఒక్కటే శరీరపు ఉపరితలంలో దాదాపు సగం కప్పుతుంది. ఆ సగానికి సన్‌స్క్రీన్ రాయనక్కరలేదు, రెండు గంటలకొకసారి గుర్తు చేసుకోనక్కరలేదు, అలకు కొట్టుకుపోతుందన్న దిగులు లేదు. పూతకంటే బట్టను ఎక్కువ నమ్మవచ్చు అనడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. నీటిలో మునిగి ఉంటే ఎండ తగలదనుకోవడం కూడా పొరపాటు. అర మీటరు లోతున సైతం పైనున్న కిరణాలలో సుమారు 40 శాతం ఉంటాయి.

రంగు విషయంలో అందం కంటే ముఖ్యమైనది ఒకటున్నది. లేత నీలం, తెలుపు, బూడిద రంగులు నీటిలో కలిసిపోతాయి. ఒక పిల్లవాడు నీటి అడుగుకు జారితే ఒడ్డున ఉన్న తండ్రి కళ్ళకు కనబడవలసినది ఆ బట్టే. మెరిసే నారింజ, గులాబి, పసుపుపచ్చ వంటి ప్రతిదీప్తి రంగులు ఇందుకు ఉత్తమం. ఈ రంగుల అణువులు పొట్టి తరంగాల కాంతిని పీల్చుకొని, దాన్ని పొడవైన తరంగాలుగా మార్చి తిరిగి వెదజల్లుతాయి. అందుకే అవి తమంతట తాము వెలుగుతున్నట్లు కనిపిస్తాయి. మెరిసే రంగులు సొరచేపలను ఆకర్షిస్తాయేమోనని కొందరు సందేహిస్తారు. సొరచేపలు వెలుగునీడల వ్యత్యాసాన్ని బాగా గుర్తించగలవన్న హెచ్చరిక ఉన్నమాట నిజమే. కాని కవ్వించకుండా అవి మనుషులను కరిచిన సంఘటనలు ప్రపంచమంతటా కలిపి ఏటా నూరుకు లోపే. అమెరికాలో ఒక్క ఏడాదిలో నీట మునిగి మరణించేవారు నాలుగు వేలకు పైబడి ఉంటారు. ఒకటి నుండి నాలుగేళ్ళ పిల్లల మరణాలకు ఈ దేశంలో మొదటి కారణం నీటమునకే. బేరీజు వేసుకొంటే రంగు ఏది ఎంచుకోవాలో తేలిపోతుంది. చేతులకు తొడిగే గాలిబుడగలు ఆటవస్తువులు మాత్రమే, ఈత రాని పిల్లలకు కోస్ట్ గార్డ్ ఆమోదముద్ర ఉన్న లైఫ్ జాకెట్ కొనాలి. ఏది తొడిగినా పెద్దవారి చేయి అందేంత దూరంలోనే పిల్లలు ఉండాలి.

పూత

బట్ట కప్పని ముఖం, మెడ, చెవులు, చేతులు, పాదాలకు సన్‌స్క్రీన్ తప్పదు. ఎస్.పి.ఎఫ్. 15 ‘బి’ కిరణాలలో 93 శాతాన్ని, 30 సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. 30 నుండి 50కి పోవడం వల్ల కలిగే లాభం చిన్నది; సరిపడినంత రాయకపోవడం వల్ల కలిగే నష్టం చాలా పెద్దది. ప్రయోగశాలలో ఈ అంకెలను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు. ఆ లెక్కన పెద్దమనిషి ఒళ్ళంతటికీ సుమారు 30 మిల్లీలీటర్లు కావాలి. సాధారణంగా జనం రాసేది అందులో సగమో, పావో. నలుగురున్న కుటుంబానికి ఒక చిన్న ట్యూబు మూడు వేసవులు వచ్చిందంటే అది పొదుపు కాదు, ఎవరికీ చాలినంత రాయలేదన్నమాట. రెండు గంటలకొకసారి, నీటి నుండి వచ్చి తుడుచుకొన్న ప్రతిసారీ మళ్ళీ రాయాలి. “వాటర్‌ప్రూఫ్” అన్న మాట సీసాల మీద వాడరాదని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2011లో నియమం చేసింది. నీటిలో ఎన్ని నిమిషాలు నిలుస్తుందో, 40 లేక 80 అని మాత్రమే రాయాలి. ‘ఏ’ కిరణాలను కూడా ఆపేదైతే “బ్రాడ్ స్పెక్ట్రమ్” అని ఉంటుంది, అది లేనిది కొననవసరం లేదు.

కొబ్బరినూనె చాలదా అని పెద్దవారు అడుగుతారు. ఒక అణువు అతినీలలోహిత కిరణాన్ని పీల్చుకోవాలంటే దానిలో ఒకటి విడిచి ఒకటిగా జంటబంధాలు గాని, బెంజీన్ వలయాలు గాని ఉండాలి. కొబ్బరినూనెలో అధికభాగం లారిక్ ఆమ్లం వంటి సంతృప్త కొవ్వు ఆమ్లాలదే, వాటిలో అటువంటి బంధాలు లేవు. తలకు, వంటకు దాని గొప్పతనం దానికి ఉన్నది గాని, ఎండను అడ్డే శక్తి దానిలో లేదు.

సన్‌స్క్రీన్లలో రెండు తెగలు. అవొబెంజోన్, ఆక్సిబెంజోన్ వంటి కర్బన అణువులు కిరణాన్ని పీల్చుకొని ఆ శక్తిని స్వల్పమైన వేడిగా విడుదల చేస్తాయి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఖనిజాలు. ఖనిజాలు కిరణాలను అద్దంలా తిప్పికొడతాయని ప్రచారంలో ఉన్నా, అవి కూడా అధికభాగం పీల్చుకొనే పని చేస్తాయి. కర్బన అణువులు కొన్ని చర్మం గుండా రక్తంలోకి చేరుతున్నట్లు అదే నియంత్రణ సంస్థ జరిపిన పరీక్షలలో 2019లో, 2020లో వెల్లడి అయింది. రక్తంలో చేరడమే హాని అని దాని అర్థం కాదు. మరిన్ని పరీక్షలు కావాలని మాత్రమే ఆ సంస్థ కోరింది. పిల్లలకు ఖనిజాలనే ఎంచుకోవడం సబబు. ఆరు నెలలు నిండని శిశువులకు ఏ పూతా రాయకుండా నీడలోనే ఉంచడం మంచిది. హవాయి వెళ్ళేవారు ఒకటి గమనించాలి. పగడపు దిబ్బలకు హాని కలుగుతుందన్న కారణంతో ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ కలిసిన సన్‌స్క్రీన్ల మామూలు అమ్మకాన్ని ఆ రాష్ట్రం 2021 జనవరి 1 నుండి నిషేధించింది.

ఖనిజపు పూతతో వచ్చే ఇబ్బంది చామనఛాయ ముఖానికి బాగా తెలుసు. వీధినాటకంలో వేషం కట్టినట్లు తెల్లగా తేలుతుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు పూతలు దీనికి మంచి విరుగుడు. వాటివల్ల మరొక ప్రయోజనం ఉన్నది. మంగు మచ్చలను పెంచేవి అతినీలలోహిత కిరణాలు మాత్రమే కావు. ముదురు ఛాయ చర్మంలో కంటికి కనిపించే కాంతి కూడా, ముఖ్యంగా నీలికాంతి, నలుపును పెంచి చాలాకాలం నిలుపుతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ కాంతిని ఆపదు, ఐరన్ ఆక్సైడ్ కొంతవరకు ఆపుతుంది. మంగు ఉన్న స్త్రీలు ఈ ఒక్క కారణానికే రంగుపూతను ఎంచుకోవచ్చు.

గొడుగు, టోపీ, కళ్ళద్దాలు, నగలు

పెద్ద గొడుగు కింద కూర్చున్నవారు తమకు ఎండ తగలడం లేదనుకొంటారు. ఆకాశం నీలంగా ఎందుకు కనిపిస్తుందో ఆ కారణమే ఇక్కడ అడ్డుతగులుతుంది. పొట్టి తరంగాలు గాలిలోని అణువులను తాకి ఎక్కువగా చెదురుతాయి. నీలికాంతి కంటే అతినీలలోహితం ఇంకా ఎక్కువ చెదురుతుంది. కనుక అది సూర్యుని దిక్కు నుండే కాక ఆకాశమంతటి నుండీ వస్తుంది. దానికి తోడు పొడి ఇసుక సుమారు 15 శాతాన్ని, అలల నురుగు 25 శాతాన్ని కింది నుండి తిప్పికొడతాయి. డల్లాస్ చేరువలోని లూయిస్‌విల్ సరస్సు తీరాన జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మధ్యాహ్నవేళ మూడున్నర గంటలపాటు కొందరిని గొడుగు నీడలో, మరికొందరిని ఎస్.పి.ఎఫ్. 100 పూతతో గొడుగు లేకుండా ఉంచారు. గొడుగు కింద ఉన్నవారిలో 78 శాతం మందికి, పూత రాసుకొన్నవారిలో 25 శాతం మందికి చర్మం కమిలింది. ఏ ఒక్కటీ చాలదని, గొడుగు కిందకూడా బట్టా పూతా అవసరమేనని దీనివల్ల తెలుస్తున్నది.

టోపీకి చుట్టూ మూడంగుళాల అంచు ఉండాలి. ముందు మాత్రమే రేకు ఉన్న బేస్‌బాల్ టోపీ చెవులను, మెడను ఎండకు వదిలివేస్తుంది. గడ్డి టోపీ కొంటే అల్లికలో సందులు లేనిది చూసుకోవాలి.

కళ్ళద్దాల నలుపుకూ, అతినీలలోహితాన్ని ఆపే శక్తికీ సంబంధం లేదు. కాపుదల లేని నల్లని అద్దం మామూలు కంటికంటే కీడు చేయవచ్చు; చీకటికి కనుపాప విచ్చుకొని మరిన్ని కిరణాలను లోపలికి రానిస్తుంది. “యు.వి. 400” అన్న ముద్ర ఉంటే చాలు, ధర ఎంతైనా కావచ్చు. పోలరాయిడ్ అద్దాల పని వేరు. నీటి మీద నుండి ప్రతిఫలించే వెలుగు అడ్డంగా ధ్రువణం చెంది ఉంటుంది, ఆ తళుకును అవి అరికడతాయి. దానివల్ల నీటిలో ఉన్న పిల్లలు స్పష్టంగా కనిపిస్తారు. పిల్లలను కనిపెట్టుకొని ఉండేవారికి ఇటువంటి అద్దాలు ఉపయోగకరం, కాని వాటి మీద కూడా 400 ముద్ర ఉన్నదో లేదో చూడాలి.

నగల విషయంలో నష్టపోయిన కుటుంబాలు తక్కువేమీ కావు. చల్లని నీటిలో వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. ఇసుకలో పడిన దాన్ని వెదకడం ఎవరి తరమూ కాదు. ఇరవైరెండు కారట్ల బంగారాన్ని ఉప్పునీరు ఏమీ చేయదు. వెండిపట్టీలు అలా కాదు. ఈతకొలనులోని క్లోరిన్ తగిలితే వాటి మీద సిల్వర్ క్లోరైడ్ ఏర్పడి, వెలుతురుకు నల్లబడుతుంది. పాతకాలపు ఫోటో ఫిల్ము నల్లబడినది ఇటువంటి చర్యవల్లనే. హైదరాబాదు నుండి తెచ్చుకొన్న ముత్యాలను హోటలు గదిలోనే ఉంచడం క్షేమం. ముత్యం అంటే ప్రొటీనుతో అతికిన కాల్షియం కార్బొనేట్ పొరలు, చెమటలోని ఆమ్లానికి, క్లోరిన్‌కు వాటి కాంతి తరుగుతుంది. మంగళసూత్రాలు తీయడానికి చాలామంది ఇష్టపడరు, తీయవలసిన అవసరమూ లేదు. మెడదాకా జిప్పు ఉన్న రాష్ గార్డ్ లోపల ఉంచుకొంటే అలకు చిక్కుకోవు, ఎండకు మెరవవు. ఆ మెరుపును చేప పొలుసుగా భ్రమించి పెద్దచేపలు దగ్గరకు వస్తాయి గనుక ఈ జాగ్రత్త అవసరమే.

ఇంటికి వచ్చిన తరువాత

ఒక వేసవికే ఈత దుస్తులు వదులైపోయాయని చాలామంది నిరుత్సాహపడతారు. కొలనులోని క్లోరిన్ నీటిలో హైపోక్లోరస్ ఆమ్లంగా మారి స్పాండెక్స్ అణుశృంఖలాలను తుంచివేస్తుంది. చర్మం మీది నూనెలు, డ్రయ్యరు వేడి దానికి తోడవుతాయి. కొలనుకే ఎక్కువగా వెళ్ళేవారు పాలియెస్టర్, పి.బి.టి. కలిపి నేసిన దుస్తులు కొనడం లాభం. వాటిని క్లోరిన్ అంత తేలికగా లొంగదీయలేదు. ఏ రకమైనా నీటి నుండి రాగానే మంచినీటితో జాడించి, మెలిపెట్టి పిండకుండా నీడలో ఆరవేయాలి.

తెల్లని చొక్కాల మెడపట్టీల మీద, తువ్వాళ్ళ మీద తుప్పురంగు మచ్చలు కనిపిస్తే అవి మురికి కాదు. సన్‌స్క్రీన్‌లోని అవొబెంజోన్ నీటిలోని ఇనుముతో కలిసి కట్టిన సంయోగం అది. దానిపై బ్లీచ్ పోస్తే మచ్చ ఇంకా ముదురుతుంది. ముందు గిన్నెల సబ్బుతో నూనె వదలగొట్టి, ఆ తరువాత నిమ్మరసం పిండి కొంతసేపు ఉంచాలి. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును అవొబెంజోన్ నుండి విడదీసి తనతో కట్టుకొంటుంది, మచ్చ నీటితోపాటు పోతుంది. రంగు బట్టలైతే నిమ్మరసాన్ని ముందు లోపలి కుట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోవడం మంచిది.